గాలికి దారి ఇచ్చిన గోపురం

ఈ పాఠం ఒక ఇంజనీరు జీవిత కథ. ఆయన పేరు వ్లదీమిర్ గ్రిగోర్యెవిచ్ షూఖోవ్. రష్యా దేశస్థుడు. 1853లో పుట్టి 1939లో మరణించారు. రేడియో తీగలను ఆకాశంలో ఎత్తుగా నిలబెట్టాలంటే కొండంత ఇనుము పోగుచేయనక్కర లేదని కట్టి చూపించిన మనిషి ఆయన. ఆ పని మధ్యలో ఒకసారి ఆయన ప్రాణమే పణంగా మారింది. ఆ సంగతి తరువాత చదువుతారు. పాఠాన్ని మాత్రం మనం మాస్కోలో కాకుండా ఖరగ్‌పూర్‌లో మొదలు పెడదాం.

ఖరగ్‌పూర్ పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపుల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు రైల్వే పనుల కోసం అక్కడికి వెళ్లి స్థిరపడ్డాయి. మీరు ఆ ఊరివారే కావచ్చు, లేదా మీ బంధువులు ఎవరైనా అక్కడ ఉండవచ్చు. ఆ స్టేషనులోని పొడవైన ప్లాట్‌ఫారం 1072 మీటర్లకు పైగా ఉంటుంది. చాలా కాలం ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అదే. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటిపోయాయి. ఈ 1072 మీటర్లను గుర్తుంచుకోండి. మనకు కొలబద్దగా పనికివస్తుంది.

ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఒకసారి తల ఎత్తి చూడండి. పట్టాల వెంట విద్యుత్ తీగలను మోసే ఇనుప స్తంభాలు ఉంటాయి. కొంచెం దూరంగా సెల్‌ఫోన్ టవరు ఒకటి కనిపిస్తుంది. ఇవేవీ గోడలాగా నిండుగా ఉండవు. సన్నని ఇనుప ముక్కలను అడ్డంగా, ఐమూలగా బోల్టులతో బిగించి కట్టి ఉంటాయి. ఫిట్టరు పని తెలిసినవారు ఈ ముక్కలను యాంగిళ్లు అంటారు. ముక్కల మధ్య అంతా ఖాళీయే. ఇనుము పొదుపు చేయటానికి అలా కట్టారని మీరు అనుకోవచ్చు. అది సగం నిజం. మిగతా సగం గాలికి సంబంధించినది.

గాలితో తగవు

టవరుకు తన బరువు పెద్ద భారం కాదు. దాని మీద పెట్టే ఏరియళ్లు, డిష్‌లు కూడా బరువులో తక్కువే. టవరును కూలదోసేది గాలి. గాలి వేగం రెండింతలైతే అది తోసే బలం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. వేగం మూడింతలైతే బలం తొమ్మిదింతలు. తూర్పు తీరంలో పుట్టి పెరిగినవారికి తుపాను గాలి అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రెండూ ఒక్కసారే పోయాయి. మన దేశపు ఇంజనీర్లు భవనాలు, టవర్లు కట్టేటప్పుడు లెక్కకు తీసుకునే ప్రామాణిక గాలి వేగం విశాఖపట్నానికీ కలకత్తాకూ ఒకటే: సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు.

ఈ గాలి టవరును ఒక పక్క నుంచి నెట్టినప్పుడు ఏం జరుగుతుందో ఆలోచించండి. నిచ్చెనను నిలబెట్టి పైమెట్టు దగ్గర ఒక వేలితో నెట్టినా అది వాలిపోతుంది. కిందిమెట్టు దగ్గర నెడితే అంత తేలికగా వాలదు. ఎత్తు పెరిగినకొద్దీ గాలికి పట్టు పెరుగుతుంది. గాలి వచ్చే వైపున ఉన్న కాళ్లను అది భూమిలోంచి పైకి పీకుతుంది. రెండో వైపున ఉన్న కాళ్లను భూమిలోకి నొక్కుతుంది. పీకుడును ఇనుము బాగానే తట్టుకుంటుంది. నొక్కుడు దగ్గరే చిక్కు వస్తుంది. ఒక చీపురు పుల్లను రెండు కొనలు పట్టుకుని లాగండి, తెగదు. అదే పుల్లను నేల మీద నిలువుగా పెట్టి పైనుంచి నొక్కండి, నడుము దగ్గర విల్లులా వంగిపోతుంది. పుల్ల పొడవు సగం చేసి నొక్కితే వంగటానికి చాలా ఎక్కువ బలం కావాలి. టవరు కాళ్లకు దగ్గర దగ్గరగా ఐమూల ముక్కలు బిగించటంలోని కిటుకు ఇదే. పొడవైన కాలు పొట్టి పొట్టి ముక్కలుగా పనిచేస్తుంది.

ఇప్పుడు చిక్కుముడి చూడండి. గాలికి తట్టుకోవాలని ఇనుము ఎక్కువ పెడితే గాలి తాకే మేర పెరుగుతుంది. మేర పెరిగితే గాలి బలం పెరుగుతుంది. అప్పుడు ఇంకా ఇనుము కావాలి. ఈ వలయంలోంచి బయటపడే దారి షూఖోవ్ కనిపెట్టారు.

రైల్వే గీతల నుంచి చమురు బావుల వరకు

షూఖోవ్ 1853 ఆగస్టులో గ్రాయ్‌వొరొన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. చిన్నతనం నుంచి లెక్కలంటే ఇష్టం. మాస్కోలోని సాంకేతిక విద్యాలయంలో చదివి 1876లో బంగారు పతకంతో బయటికి వచ్చారు. ఆ విద్యాలయంలో చదువుతో పాటు కమ్మరి పని, వడ్రంగం, తాళాల పని కూడా చేతితో చేయించేవారు. ఆయన తరువాతి జీవితాన్ని చూస్తే, పుస్తకాల కంటే ఆ కార్ఖానాలే ఎక్కువ అక్కరకు వచ్చాయని నాకు అనిపిస్తుంది. ప్రసిద్ధ గణిత శాస్త్రవేత్త చెబిషెవ్ తన దగ్గర పనికి రమ్మన్నా ఆయన వెళ్లలేదు. పని కట్టటంలో ఉందని ఆయన నమ్మకం.

అదే సంవత్సరం విద్యాలయం ఆయన్ను అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానికి పంపింది. అక్కడ పెద్ద పారిశ్రామిక ప్రదర్శన జరుగుతోంది. అక్కడే అలెక్సాందర్ బారి అనే వ్యాపారితో పరిచయమైంది. ఈ పరిచయం దాదాపు నలభై ఏళ్లు నిలిచింది.

తిరిగి వచ్చాక షూఖోవ్ చేసిన మొదటి ఉద్యోగం రైల్వేలో. వార్సా, వియన్నా నగరాలను కలిపే రైల్వే వారి డ్రాయింగ్ ఆఫీసులో ఇంజన్ల షెడ్లకు నమూనాలు గీయటం ఆయన పని. ఆ రోజుల్లోనే వైద్య విద్యాలయానికి వెళ్లి పాఠాలు కూడా వినేవారు. ఆరోగ్యం దెబ్బతినటంతో రెండూ మానుకుని, 1878లో బారి పిలుపు మీద వెచ్చని కాస్పియన్ తీరంలోని బాకూ వెళ్లారు. అక్కడ చమురును పీపాల్లో నింపి బండ్ల మీద తోలేవారు. షూఖోవ్ నోబెల్ సోదరుల కంపెనీ కోసం బావుల నుంచి శుద్ధి కర్మాగారానికి ఇనుప గొట్టాల మార్గం వేయించారు. రష్యాలో అదే మొదటి చమురు గొట్టపు మార్గం. అప్పటికి ఆయన వయసు 25.

ఆ తరువాత మాస్కోలో బారి కంపెనీకి ప్రధాన ఇంజనీరు అయ్యారు. నిల్వ ట్యాంకులు, పడవలు, బాయిలర్లు, రైలు వంతెనలు, పెద్ద అంగడి మీద గాజు కప్పు, ఇలా ఆయన చేతిలో రూపుదిద్దుకున్నవాటి జాబితా చాలా పెద్దది. 1891లో బరువైన చమురును వేడితో విడగొట్టి తేలిక చమురు తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. వీటన్నిటినీ ఇక్కడ వివరించటం లేదు. ఎందులోనైనా ఆయన వేసుకున్న ప్రశ్న ఒకటే: ఇంతకంటే తక్కువ లోహంతో ఈ పని జరగదా?

మోడా ఆకారం

ఖరగ్‌పూర్‌లోనే కాదు, బెంగాల్‌లో ఏ ఊరి బజారుకు వెళ్లినా వెదురుతో, బెత్తంతో అల్లిన చిన్న పీటలు అమ్ముతుంటారు. వాటిని మోడాలు అంటారు. పైనా కిందా వెడల్పుగా, నడుము దగ్గర సన్నగా, డమరుకం లాగా ఉంటాయి. లావుపాటి మనిషి కూర్చున్నా మోడా కుంగదు. ఈసారి ఒకటి దొరికితే దాని పక్కలను జాగ్రత్తగా చూడండి. ఆకారం వంపు తిరిగి ఉంటుంది కాని, అందులోని పుల్లలు వంపు తిరిగి ఉండవు. ప్రతి పుల్లా తిన్ననిదే. కొన్ని కుడి వైపుకు వాలి, కొన్ని ఎడమ వైపుకు వాలి ఒకదాన్నొకటి దాటిపోతుంటాయి.

మీరే చేసి చూడవచ్చు. కొబ్బరి ఈనెలు గుప్పెడు తీసుకుని సమానంగా కత్తిరించండి. నడుము దగ్గర దారంతో వదులుగా కట్టండి. ఇప్పుడు పై కొనలను ఒక చేత్తో, కింది కొనలను ఇంకో చేత్తో పట్టుకుని గుడ్డ పిండినట్టు ఎదురెదురుగా తిప్పండి. రెండు కొనలూ గుండ్రంగా విచ్చుకుంటాయి, నడుము సన్నగా ఉండిపోతుంది. అయినా ప్రతి ఈనె తిన్నగానే ఉంది కదా! గణిత శాస్త్రంలో ఈ ఆకారాన్ని హైపర్‌బొలాయిడ్ అంటారు. పేరు గుర్తుండకపోయినా ఫరవాలేదు, మోడా గుర్తుంటే చాలు.

షూఖోవ్‌కు ఈ ఆలోచన ఎలా వచ్చింది? బోర్లించిన బుట్ట మీద బరువైన పూలకుండీ ఉండటం చూసి ఆయనకు తోచిందని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ ఎంతవరకు నిజమో గాని, నమ్మదగ్గదే. విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయన ఈ ఆకారాన్ని గణితంలో చదివారు కూడా. కొత్తదనం ఆకారంలో లేదు. దాన్ని ఇనుముతో కట్టి మనుషుల తలల మీద నిలబెట్టవచ్చని తెలుసుకోవటంలో ఉంది.

ఇంజనీరుకు దీనివల్ల మూడు లాభాలు కలిగాయి. ఇనుప కడ్డీలను వంచనక్కర లేదు కాబట్టి కొలిమి ఖర్చు లేదు, మామూలు పనివారు కత్తిరించి రివెట్లు కొట్టగలరు. కడ్డీలు ఒకదాన్నొకటి దాటే ప్రతిచోటా బిగించటంతో పొడవైన కడ్డీ పొట్టి ముక్కలుగా పనిచేస్తుంది, కాబట్టి సన్నని కడ్డీ చాలు. ఇక గోడ అంతా వలలాగా ఉండటంతో గాలి చాలావరకు లోపలి నుంచి దూసుకుపోతుంది. ఇందాక మనం చూసిన వలయం ఇక్కడ తెగింది.

1896లో నీజ్నీ నొవ్‌గొరొద్ నగరంలో జరిగిన అఖిల రష్యా ప్రదర్శనలో షూఖోవ్ ఈ పద్ధతిలో ఒక నీళ్ల టవరు కట్టారు. ఎత్తు సుమారు 37 మీటర్లు. సాలెగూడు లాంటి ఆ వల మీద లక్ష లీటర్లకు పైగా నీళ్లున్న ట్యాంకును చూసి జనం ఆశ్చర్యపోయారు. ప్రదర్శన ముగిశాక ఒక ధనవంతుడు దాన్ని కొని పొలీబినో అనే గ్రామంలోని తన ఎస్టేటుకు తరలించారు. అది ఇప్పటికీ అక్కడ ఉంది. ఆ తరువాత ఇలాంటి టవర్లకు గిరాకీ పెరిగింది. ఆవిరి ఇంజన్లకు నీళ్లు కావాలి, కాబట్టి రైల్వేలూ వాటిని కొన్నాయి. 1911లో నల్ల సముద్రపు తీరాన ఖెర్సన్ దగ్గర 64 మీటర్ల దీపస్తంభం కూడా ఈ పద్ధతిలోనే లేచింది.

ఆకలి రోజుల్లో రేడియో

1917లో రష్యాలో విప్లవం వచ్చింది. వెనువెంటనే అంతర్యుద్ధం. బారి 1913లోనే చనిపోయారు. కంపెనీ ప్రభుత్వపరమైంది. అప్పటికి 65 ఏళ్లు దగ్గర పడుతున్న షూఖోవ్‌ను కార్మికులే తమ సంస్థకు పెద్దగా ఎన్నుకున్నారు. కుటుంబం ఇల్లు ఖాళీ చేసి వెళ్లవలసి వచ్చింది. ఆయన కొడుకులు కొత్త ప్రభుత్వానికి ఎదుటి పక్షపు సైన్యంలో పనిచేసినవారు. ఒక కొడుకు చెర నుంచి బయటికి వచ్చినా కోలుకోలేక మరణించాడు. ఆ రోజుల్లోనే తల్లి కూడా కన్నుమూసింది. విదేశాలకు వెళ్లిపోయే అవకాశం ఉన్నా ఆయన వెళ్లలేదు.

ఇలాంటి సమయంలో 1919 జూలై 30న లెనిన్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశారు. దేశపు దూర ప్రాంతాలతోనూ, విదేశాలతోనూ ఎడతెగకుండా వార్తలు నడపటానికి మాస్కోలో ఒక పెద్ద రేడియో కేంద్రం నిర్మించాలి. దానికి ఏరియల్ తీగలను మోసే గోపురం కావాలి. గోపురం తానుగా మాట్లాడదు, వినదు. తీగలను అందని ఎత్తున పట్టుకుని నిలబడటమే దాని పని. పారిస్‌లోని ఐఫిల్ టవరు కథ కూడా ఇలాంటిదే. 1889లో 300 మీటర్ల ఎత్తున కట్టిన ఆ టవరును ఇరవై ఏళ్ల తరువాత విప్పేయాలన్నది మొదటి ఒప్పందం. వైర్‌లెస్‌కు పనికివస్తుందని తేలటంతో అది బతికిపోయింది.

షూఖోవ్ మొదట 350 మీటర్ల గోపురానికి నమూనా గీశారు. ఒకదాని మీద ఒకటి తొమ్మిది మోడాలు పెట్టినట్టు ఉండే నిర్మాణం అది. బరువు 2200 టన్నులు. ఐఫిల్ టవరులో ఉన్న ఇనుము 7300 టన్నులు. గూడ్సు బండ్ల లెక్కలో చెప్పుకుందాం. ఇప్పటి బొగ్గు వ్యాగనులో సుమారు 58 టన్నుల సరుకు పడుతుంది. ఐఫిల్ టవరు ఇనుమును మోయటానికి 58 వ్యాగన్ల బండ్లు రెండు చాలవు. షూఖోవ్ గీసిన, అంతకంటే ఎత్తైన గోపురానికి 38 వ్యాగన్లు చాలు. నిజమే, ఒకటి కట్టినది, మరొకటి కాగితం మీదిది. రెండింటినీ ఒకే తక్కెడలో వేయటం పూర్తిగా న్యాయం కాదు. అయినా తేడా ఎంత పెద్దదో చూడండి.

కాని ఆ దేశంలో ఆనాడు 38 వ్యాగన్ల ఉక్కు కూడా లేదు. ఎత్తును సుమారు 150 మీటర్లకు తగ్గించారు. తొమ్మిది అంచెలు ఆరయ్యాయి. బరువు 240 టన్నులు, అంటే నాలుగు వ్యాగన్ల సరుకు. దానికి కావలసిన ఉక్కును సైనిక నిల్వల నుంచి ఇప్పించారు. ఈ గోపురాన్ని ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద పడుకోబెడితే ఏడో వంతు పొడవు వస్తుంది. మొదట అనుకున్న 350 మీటర్లదైతే మూడో వంతు పట్టేది.

క్రేను లేకుండా

మాస్కోలోని షాబొలొవ్కా వీధిలో పని మొదలైంది. అంత ఎత్తుకు ఇనుమును మోసే క్రేను లేదు. చుట్టూ పరంజా కట్టటానికి కలప లేదు. షూఖోవ్ కనుక్కున్న ఉపాయం తెలుసుకుంటే ముచ్చట వేస్తుంది. ముందు కింది అంచెను నేల మీద కట్టారు. దాని అడుగు వెడల్పు సుమారు 40 మీటర్లు. తరువాత రెండో అంచెను ఆ మొదటి దాని లోపల, నేల మీదనే కట్టారు. చేతితో తిప్పే విన్చిలు, తాళ్లు, కప్పీలతో దాన్ని లోపలి నుంచి పైకి లాగారు. పైకి పోయేటప్పుడు కింది అంచె మెడలోంచి దూరాలి కాబట్టి దాని అడుగును తాత్కాలికంగా లోపలికి లాగి కట్టి, దాటాక వదిలి, బిగించారు. పడవల్లో వాడే మడత దూరదర్శినిని ఒక్కో గొట్టమే బయటికి లాగినట్టు. మూడోది కూడా అలాగే. ఒక్కో అంచె ఎత్తు దాదాపు 25 మీటర్లు. పనివారు ఎక్కువ భాగం నేల మీద నిలబడే పనిచేశారు. ఆకలితో ఉన్న మనుషులను వంద మీటర్ల ఎత్తున వేలాడదీయకుండా గోపురం కట్టిన ఈ పద్ధతి ఆకారం కంటే గొప్పదని నా అభిప్రాయం.

1921 జూన్ 29న నాలుగో అంచెను ఎత్తుతున్నారు. మధ్యలో మూడో అంచె విరిగింది. నాలుగోది కిందికి పడి, మొదటి రెండింటినీ దెబ్బతీసింది. ఏడాదికి పైగా పడ్డ శ్రమ నిమిషాల్లో వంకరలు తిరిగిన ఇనుమైంది.

అధికారులు విచారణకు పిలిచారు. అవి అనుమానపు రోజులు. ఇంజనీరు పాతకాలపు కంపెనీ మనిషి, కొడుకులు ఎదుటి పక్షంలో ఉన్నవారు. విచారణ సంఘం లెక్కల్లో తప్పు పట్టలేదు. లోహపు అలసట వల్ల విరిగిందని తేల్చింది. లోహపు అలసట అంటే ఏమిటో మీరు చూసే ఉంటారు. ఇనుప తీగను ఒకే చోట అటూ ఇటూ పదేపదే వంచితే, ఎక్కువ బలం పెట్టకుండానే అక్కడ పుటుక్కున తెగిపోతుంది. అయినా షూఖోవ్‌కు మరణశిక్ష పడింది. అయితే దాని అమలును వాయిదా వేశారు. గోపురం పూర్తి చేసేవరకు ఆయన్ను బతకనిస్తారన్నమాట. ఈ సంగతిని ఆయన తన దినచర్య పుస్తకంలో మాటలు పెంచకుండా రాసుకున్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. 67 ఏళ్ల మనిషి. తన లెక్క సరైనదని తెలుసు. చేతికి వచ్చిన ఉక్కు ఎలాంటిదో కూడా తెలుసు. వేరే ఉక్కు దొరకదు. వంగిన ముక్కలను విప్పించి, పనికివచ్చేవాటిని సరిచేయించి, మళ్లీ అదే గోపురాన్ని, అదే పద్ధతిలో, అవే విన్చిలతో ఎత్తాలి. పద్ధతిని మార్చుకుంటే తన లెక్క మీద తనకే నమ్మకం లేదని ఒప్పుకున్నట్టు. మార్చకుండా మరోసారి కూలితే ఇక చెప్పుకోవటానికి మనిషే ఉండడు. షూఖోవ్ పద్ధతిని మార్చలేదు.

ఒక్కో అంచె మళ్లీ లేచింది. 1922 ప్రారంభంలో ఆరో అంచె తన చోట కూర్చుంది. మార్చి 19న షాబొలొవ్కా గోపురం నుంచి ప్రసారాలు మొదలయ్యాయి. శిక్ష అమలు కాలేదు.

తరువాతి సంగతులు

ఈ గోపురం రేడియోతో ఆగలేదు. 1939లో మాస్కో టెలివిజన్ ప్రసారాలు దీని మీది నుంచే మొదలయ్యాయి. 1967లో ఒస్తాంకినోలో 540 మీటర్ల కొత్త టవరు వచ్చేదాకా సోవియట్ ప్రజలకు టెలివిజన్ అంటే ఈ వల గోపురమే. 2014లో దీన్ని విప్పేసి మరో చోట పెట్టాలనే ప్రతిపాదన వచ్చినప్పుడు చాలా దేశాల ఇంజనీర్లు, భవన శిల్పులు వద్దన్నారు. గోపురం కట్టిన చోటనే ఉంది.

షూఖోవ్ చివరి పెద్ద పనుల్లో ఒకటి 1929 నాటికి ఓకా నది ఒడ్డున పూర్తయింది. నది మీదుగా విద్యుత్ తీగలను దాటించటానికి 128 మీటర్ల ఎత్తున కట్టిన వల స్తంభాలు అవి. తీగ ఒక పక్కకు లాగుతుంది, గాలి ఇంకో పక్కకు నెడుతుంది, చలికాలంలో తీగల మీద మంచు పేరుకుని బరువు పెరుగుతుంది. ఏరియల్ టవరు కంటే ఇది కష్టమైన లెక్క. ఆ స్తంభాల్లో ఒకదాన్ని 2005లో పాత ఇనుము కోసం కోసుకుపోయారు. రెండోది నిలిచి ఉంది. 1929లోనే ఆయనకు లెనిన్ బహుమతి వచ్చింది, విజ్ఞాన అకాడమీ గౌరవ సభ్యత్వం కూడా. 1932లో, దాదాపు ఎనభై ఏళ్ల వయసులో, సమర్‌ఖండ్‌లో ఒరిగిపోయిన ఒక పురాతన మీనారును తిరిగి నిలువుగా చేసే పనికి ఆయన పద్ధతినే వాడారు.

1939 ఫిబ్రవరి 2న షూఖోవ్ మాస్కోలో మరణించారు. ఇంట్లో కొవ్వొత్తి మంట చొక్కాకు అంటుకుని కాలిన గాయాలతో కొన్ని రోజులు బాధపడ్డారు.

ఆయన ఆకారం ఇతర దేశాలకు వెళ్లింది. జపాన్‌లోని కోబె రేవులో 1963లో 108 మీటర్ల టవరు, చైనాలోని గ్వాంగ్జౌలో 2010లో 600 మీటర్ల టవరు నడుము సన్నగా ఉన్నవే. మరి మన సెల్‌ఫోన్ టవర్లు మోడాల్లా ఎందుకు లేవని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. మోడా గోపురంలో కడ్డీలు దాటే ప్రతి చోటూ ఒక్కో కోణంలో ఉంటుంది, అతుకులు ఎక్కువ, బిగింపు ఓపికతో చేయాలి. మూడు లేదా నాలుగు కాళ్ల టవరులో ముక్కలన్నీ ముందే కర్మాగారంలో కోసి, రంధ్రాలు వేసి, జింకు పూత పూసి పంపవచ్చు. నలుగురు పనివారు కొద్ది రోజుల్లో బోల్టులు బిగించేస్తారు. షూఖోవ్ రోజుల్లో ఉక్కు ప్రియం, పనివాడి రోజు చవక. ఇప్పుడు లెక్క తిరగబడింది. కాని కాళ్లను పొట్టి ముక్కలుగా చేసే ఐమూల బిగింపు, గాలిని పోనిచ్చే ఖాళీ మారలేదు. ఖరగ్‌పూర్‌లో 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐ.ఐ.టి.లో సివిల్ ఇంజనీరింగ్ చదివే విద్యార్థులు కూడా గాలి బలం, కాలి పీకుడు, కడ్డీ వంగటం అనే ఈ మూడు లెక్కలతోనే టవరు పాఠం మొదలు పెట్టాలి.

మీరు చేయవలసిన పని

మీ ఇంటికి దగ్గరలో ఉన్న ఒక టవరును దూరం నుంచి చూసి నోటుపుస్తకంలో బొమ్మ గీయండి. ఎక్కవద్దు, కంచె దాటవద్దు. ఎన్ని కాళ్లున్నాయో, అడుగున ఎంత వెడల్పో, పైకి పోయేకొద్దీ ఎంత సన్నబడుతోందో రాయండి. గుండ్రని డిష్‌లు ఎన్ని ఉన్నాయి, ఏ ఎత్తున ఉన్నాయి? డిష్ నిండు పళ్లెం లాంటిది, గాలిని పోనివ్వదు. ఇప్పుడు మీ ఊళ్లో తుపాను గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో పెద్దవారిని అడిగి, మీ బొమ్మలో బాణం గుర్తు పెట్టండి. ఆ గాలికి ఏ కాలు భూమిలోంచి పైకి లేవాలని చూస్తుంది? ఏ కాలు వంగిపోవాలని చూస్తుంది? రెండింటి పక్కనా రాయండి. గాలి దిక్కు మారితే జవాబు ఎలా మారుతుందో కూడా రాసి, తరువాతి సంపర్క తరగతికి బొమ్మను వెంట తీసుకురండి.